మైలవరం గ్రౌండులో మా అమ్మ

మా అమ్మ కనిపించిన సంగతి మా మేనత్త అన్నాల దగ్గర చెప్పింది. ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుంటూ, "ఇవాళ మైలవరంలో మీ అమ్మ కనబడిందే. కాస్త ఒళ్లు చేసింది" అని, ముద్ద నోట్లో పెట్టుకుంది.

అక్క చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది. మేమిద్దరం అమ్మను చూసి పాతికేళ్లు దాటిపోయింది. విశాఖపట్నం వైపు ఎక్కడో ఆసుపత్రిలో పనిచేస్తోందని మా చిన్నతనంలో ఎవరో అంటే విన్నాం. అప్పట్లో నా లెక్కలో విశాఖపట్నమంటే భూమికి ఆ చివర. అంత దూరం పోయిన మనిషి రాలేదంటే నమ్మడం తేలికే. కానీ మైలవరం! ముసునూరు దగ్గరి మా ఊరి నుంచి నూజివీడు వెళ్లి, అక్కడ బస్సు మారి, ఒక కునుకు తీసి లేస్తే మైలవరం.

"మాట్లాడావా అత్తయ్యా?" అని అడిగాను.

"ఎలా మాట్లాడతానే? నేను బస్సులో ఉన్నాను. దిగితే సీటు పోదూ?"

మా అత్తయ్య బస్సెక్కడమే కొత్త. మా నాన్నకు ఆవిడ అక్క. చిన్నవయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. ఆ తర్వాత ఆవిడ మా ఇంటి గేటు దాటిన సందర్భాలన్నీ పెళ్లిళ్లో, పరామర్శలో. అలాంటిది, ఆడవాళ్లకు బస్సుల్లో టికెట్ లేకుండా చేశాక ఆవిడకు కాళ్లొచ్చాయి. ఆధార్ కార్డు జాకెట్లో దోపుకుని, పక్కింటి ఇద్దర్ని వెంటేసుకుని, ఇవాళ ద్వారకా తిరుమల, రేపు బెజవాడ కనకదుర్గమ్మ, ఎల్లుండి ఏ గుడీ దొరక్కపోతే ఊరికే పక్క మండలం చాట్రాయి. మమ్మల్ని అమ్మకు దూరంగా పెంచిన మనిషే, ఉచిత ప్రయాణం చేస్తూ చేస్తూ అమ్మను కనిపెట్టింది. మేం వెతికి ఉంటే దొరికేదేమో. వెతకాలని మాకు తోచలేదు. వెతక్కూడదన్నది మాకు అన్నంతోపాటు పెట్టారు.

"ఏం చేస్తోంది అక్కడ?" అంది అక్క.

"ఏమో. గ్రౌండులో స్కూటీ వెనకాల పరిగెత్తుతోంది" అంది అత్తయ్య.

మా అమ్మ వెళ్లినప్పుడు అక్క ఐదో తరగతి, నేను రెండు. మా నాన్న నెమ్మదస్తుడు. ఎవరి మీదా చెయ్యెత్తింది లేదు, గొంతెత్తింది లేదు. ఆ మాటకొస్తే గొంతు వాడిందే తక్కువ. మామిడితోట, పొలం, పేపరు, పోయేదాకా ఆయన లోకం అంతే. అమ్మ ఇంటర్ చదివింది. నర్సు ట్రైనింగుకు పెట్టుకుంటే సీటు వచ్చింది. వెళతానని నాన్నను అడిగితే "అక్కయ్యని అడుగు" అన్నాడట. అత్తయ్యను అడిగితే "పిల్లల్ని ఎవరు చూస్తారు?" అందట. "మీరున్నారుగా వదినా" అంది అమ్మ. అది పొగడ్తో ఎత్తిపొడుపో తేల్చుకోలేక అత్తయ్య అలిగి గదిలోకెళ్లి తలుపేసుకుంది. ఆ అలక తీరి బయటికొచ్చేసరికి అమ్మ బస్సెక్కేసింది.

ఊళ్లో వాడిన మాట "లేచిపోయింది" అని. ఒక్కతీ లేచిపోవడమేమిటని ఎవరూ అనుకోలేదు. మా ఊరికి మర్యాద ఎక్కువ. ఆడదాన్ని ఒంటరిగా ఎక్కడికీ పంపడానికి ఇష్టపడదు. అందుకని అమ్మకు తోడుగా ఒక మగవాణ్ణి పంపింది. ముందు కాంపౌండరన్నారు. ఆయన ఊళ్లోనే ఉన్నాడని తెలిశాక బస్సు కండక్టరన్నారు. తర్వాత మామిడికాయలు కొనడానికి నాగపూర్ నుంచి వచ్చే సేటన్నారు. ఆ సేటు తర్వాతి సీజనుకు కూడా ఒక్కడే వచ్చాడు, కాయ చూసుకున్నాడు, లారీ ఎత్తించుకుని వెళ్లాడు. అయినా ఊరు మాట మార్చుకోలేదు.

అక్క పెద్దయ్యాక తరచూ ఒక మాట అనేది: "నేను అమ్మలాంటిదాన్ని కాదు." పెళ్లిచూపుల్లో అడక్కుండానే ఈ మాట అన్నదని అత్తయ్య గొప్పగా చెప్పుకునేది. హైదరాబాదులో కాపురం పెట్టింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఫ్లాటు, అన్నీ సవ్యంగానే ఉన్నాయి. రెండేళ్ల కిందట ఒక ఆదివారం సూట్‌కేసుతో దిగి, "మేం విడిపోతున్నాం" అంది. ఇల్లు కూలుతుందని నేను భయపడ్డాను. అత్తయ్య కాసేపు ఏడ్చింది. తర్వాత లేచి కాఫీ పెట్టింది. ఆ తర్వాత ప్రతి వాయిదాకూ కోర్టుకు తోడు వెళ్లింది. ఇరుగుపొరుగు అడిగితే, "గొడవలేం లేవండీ. మ్యూచువల్" అని చెప్పేది. నర్సరీలో కొత్తగా వచ్చిన అంటు పేరు చెప్పినట్టుండేది. వాళ్లూ తలాడించి, "మ్యూచువల్ అయితే మంచిదేనండీ" అనేవారు.

నేను నూజివీడులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. పర్యాయపదాలు నా బతుకుతెరువు. లేచిపోవడానికీ మ్యూచువల్‌కీ అర్థంలో తేడా ఏమిటో ఇంతవరకు ఏ పిల్లకీ చెప్పలేకపోయాను. ఒకే వీధి, చాలామట్టుకు అవే నోళ్లు. అక్క మేడ మీది గదిలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఉద్యోగం చేసుకుంటుంటే, ఒకప్పుడు అమ్మను అన్నవాళ్లే గేటు దగ్గర నిలబడి, "మీ అక్కకి మీటింగేమో, తర్వాత వస్తాంలే" అని గొంతు తగ్గించి వెళ్లిపోతారు. నేను పెళ్లి చేసుకోలేదు. దాని గురించి కూడా అడగడం మానేశారు. కాలం మారిందని అందరూ అంటారు. ఎప్పుడు మారిందో చెప్పి ఉంటే అమ్మ కాస్త ఆగి వెళ్లేదేమో.

మేం వెళ్లాలా వద్దా అని అక్కా నేనూ చాలా రోజులు వాదించుకున్నాం. తెగ్గొట్టింది అత్తయ్యే. "వెళ్లి రండి. బస్సు ఉచితమేగా" అంది.

ఆ రోజు నేను మంచి నేతచీర కట్టుకున్నాను. ఏం మాట్లాడాలో ముందే సిద్ధం చేసుకున్నాను. నిష్ఠూరం, కరుణ, కాస్త వ్యాకరణం, అన్నీ సమపాళ్లలో ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చుని దాన్నే దిద్దుకున్నాను. బయట మామిడితోటలు పూతకు సిద్ధమవుతున్నాయి. తోటకీ తోటకీ మధ్య కొత్తగా పామాయిల్ మొక్కలు గొడుగులు తెరిచి నిలబడ్డాయి. రేటు లేదనీ, పురుగనీ మామిడి కొట్టేసి అవి వేస్తున్నారు. దారిలో ఒకచోట జిల్లా మారుతుంది. జిల్లాలు విడగొట్టినప్పుడు మేం ఏలూరులోకి వచ్చాం, మైలవరం ఇంకో జిల్లాలోకి పోయింది. మమ్మల్నీ అమ్మనీ ప్రభుత్వం కూడా విడదీసిందన్నమాట. కాకపోతే మా అత్తయ్యతో పోలిస్తే చాలా ఆలస్యంగా.

గ్రౌండు వెతుక్కోనక్కర్లేకపోయింది. కేకలు రోడ్డు మీదికే వినిపిస్తున్నాయి.

"తలెత్తు! చక్రం వంక చూడకు, ముందుకు చూడు! కాళ్లు పైన పెట్టు తల్లీ, అది సైకిలు కాదు!"

చుడీదారు, తెల్ల కాన్వాసు బూట్లు, నెత్తిన ఎండటోపీ. ఒక లావుపాటి ఆవిడ స్కూటీ మీద వణుకుతూ వెళుతుంటే, వెనక సీటు పట్టుకుని పరిగెత్తుతోంది మా అమ్మ. పక్కన ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్లు వరసలో నిలబడ్డారు. ఒకావిడ చేతిలో పసిబిడ్డ కూడా ఉంది. అమ్మ మమ్మల్ని చూసి రొప్పుతూ వచ్చింది.

"కొత్తవాళ్లాండీ? ఈ బ్యాచ్ నిండిపోయింది. సోమవారం రండి. ఆ చీర మాత్రం వద్దండీ, చక్రంలో పడుతుంది."

మమ్మల్ని కన్నతల్లి మమ్మల్ని అండీ అంది. అక్క కూడా తడుముకోకుండా, "మేం బండి నేర్చుకోడానికి రాలేదండీ" అంది.

"మరి?"

ఇప్పుడు నేను మాట్లాడాలి. దిద్దుకున్న వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "ముసునూరు వైపు నుంచి వచ్చాం" అన్నాను.

ఆవిడ టోపీ తీసింది. జుట్టు సగానికి పైగా నెరిసింది. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. చివరికి నా భుజం మీద చెయ్యి వేసి, "పెద్దదానివి నువ్వే కదూ?" అంది.

"కాదు. చిన్నదాన్ని."

ఆ చెయ్యి వెనక్కి తీసుకోవాలో ఉంచాలో ఆవిడకు తెలియలేదు. సరిగ్గా అప్పుడే అవతల ధడేల్‌మని చప్పుడైంది. లావుపాటి ఆవిడ పడింది. "ఉండండి, వస్తా" అని మా అమ్మ అటు పరిగెత్తింది. మేం ఉన్నాం. ఎండలో, గ్రౌండు చివర, పసిబిడ్డను ఎత్తుకున్న ఆవిడ పక్కన. ఆవిడ ఉండబట్టలేక, "మేడం బాగా నేర్పుతారండీ. కాస్త కోప్పడతారు, అంతే" అని మాకు ధైర్యం చెప్పింది.

అమ్మ ఉండేది బస్టాండు వెనక వీధిలో, ఒక గది, వంటిల్లు. ఆసుపత్రి ఉద్యోగం మానేశాక ఇక్కడ స్థిరపడిందట. నర్సుగా ఊళ్లు తిరిగేటప్పుడు బండి నేర్చుకుంది. ఆడవాళ్లు చాలామంది నేర్పమని అడుగుతుంటే ఇదే పనిగా పెట్టుకుంది. టీ పెడుతూ, పంచదార ఎంత వేయాలని అడిగింది. మంచం మీద మేమిద్దరం చుట్టాల్లా కూర్చున్నాం. గోడకు మా ఫొటో ఏమైనా ఉందా అని చూశాను. లేదు. క్యాలెండరు ఉంది.

అక్క గ్లాసు ముట్టుకోకుండా అడిగింది: "మమ్మల్ని చూడ్డానికి ఎందుకు రాలేదు?"

"వచ్చాను. మొదట్లో సెలవులకి వచ్చేదాన్ని. మీ అత్తయ్య వాకిట్లో కుర్చీ వేసి మంచినీళ్లిచ్చేది. తిట్టలేదు, అదే నయం అనుకునేదాన్ని. మీరేమో ఆవిడ కుచ్చిళ్లు పట్టుకుని వెనకాల నిలబడేవాళ్లు. పిలిస్తే వచ్చేవాళ్లు కాదు. అలా కొన్నిసార్లయ్యాక రావడం తగ్గించాను. తర్వాత మానేశాను."

"అంతేనా?" అంది అక్క. వాకిట్లో ఆ కుర్చీ నాకప్పుడే లీలగా గుర్తొచ్చింది.

"అంతే. రాకపోవడం తేలికనిపించింది. రోజూ ఏడ్చానని చెబితే మీకు బాగుంటుంది. మొదట్లో ఏడ్చాను. తర్వాత లేదు. ఒక్కోరోజు హాయిగా కూడా ఉండేది. అది గుర్తొస్తే సిగ్గేసేది. మళ్లీ మర్నాడు హాయిగానే ఉండేది."

ఇన్నేళ్లలో నేను అమ్మను చాలా రకాలుగా ఊహించుకున్నాను. ఎవరో బంధించి ఉంచిన అమ్మ, జబ్బుపడిన అమ్మ, మా పేర్లు తలుచుకుంటూ దీపం పెట్టే అమ్మ. కోపంగా ఉన్న రోజుల్లో సేటుతో నాగపూర్‌లో ఉన్న అమ్మ. హాయిగా ఉన్న అమ్మ మాత్రం ఎప్పుడూ తట్టలేదు. ఏడుపొచ్చింది. ఆవిడ లేచి నా పక్కన కూర్చుంది. ఓదార్చడం చేతకాని మనిషిలా, నా చీర కొంగుకు అంటిన గ్రౌండు దుమ్మును చేత్తో దులపసాగింది. చాలాసేపు దులిపింది. అప్పటికి అక్కడ దుమ్మేం లేదు.

కాసేపటికి అక్క తన విడాకుల సంగతి చెప్పింది. ఎందుకు చెప్పిందో నాకు తెలియదు, అత్తయ్య చెప్పమనలేదు.

"కొట్టేవాడా?" అంది అమ్మ.

"అబ్బే, లేదు. మంచివాడే."

"తాగుతాడా?"

"లేదు. ఏ అలవాట్లూ లేవు. మాట్లాడడు, అంతే. ఇంట్లో ఉన్నట్టే ఉండదు."

అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. "మీ నాన్న కూడా చాలా మంచివాడే తల్లీ" అంది.

అక్క మొహం ఎర్రబడింది. జీవితమంతా అమ్మలాంటిదాన్ని కాదని చెప్పుకున్న మనిషి, హైదరాబాదు దాకా వెళ్లి, అంత ఖర్చు పెట్టి, సరిగ్గా నాన్నలాంటి వాణ్ణి ఏరి తెచ్చుకుని, సరిగ్గా అమ్మ చేసిన పనే చేసింది. బస్టాండుకు నాకంటే ముందు నడిచింది. బస్సు కదిలాక, "నేను కోర్టు ద్వారా వచ్చాను" అంది. నేను ఔనన్నాను.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య గేటు దగ్గరే ఉంది. "ఏమంది? నా గురించి ఏమంది?" అని చెప్పులు విప్పకముందే అడిగింది.

"ఏమనలేదు. నువ్వు మంచినీళ్లిచ్చావంది."

"ఇంకా?"

"అంతే."

అత్తయ్యకు ఇది నచ్చలేదు. తనను తిట్టి ఉంటుందని, దానికి జవాబు చెప్పాలని ఇన్నేళ్లుగా సిద్ధంగా ఉంది. తిట్టకపోతే ఆ జవాబులన్నీ ఏం చేసుకోవాలి? కొన్నాళ్లు మాతో సూటిపోటి మాటలాడింది. మేం పదిహేను రోజులకోసారి మైలవరం వెళ్లొస్తుంటే, "వెళ్లండి, వెళ్లండి. పెంచిందెవరో గుర్తుంటే చాలు" అని టిఫిను బాక్సులో పులిహోర కూడా పెట్టేది. అది మాకే కాదని పరిమాణం చూస్తే తెలిసిపోయేది.

వేసవిలో చిన్నరసాలు పండాయి. ఒకరోజు అత్తయ్య సంచి నింపుకుని, "నేనూ వస్తా. దానికి నాలుగు మాటలు చెప్పాలి" అని బయల్దేరింది. దారి పొడుగునా పెదవులు కదుపుతూనే ఉంది. నేను మొదటిసారి చీర కట్టుకుని ఏం చేశానో ఇప్పుడావిడ అదే చేస్తోందని అర్థమైంది.

అమ్మ తలుపు తీసి, "రండి వదినా" అంది. ఎవరో నిన్న వెళ్లి ఇవాళ వచ్చినట్టు. అత్తయ్య మెట్టెక్కి ఆయాసపడుతూ కుర్చీలో కూలబడింది. నోరు తెరిచేలోపే అమ్మ బీపీ మిషను తెచ్చి చేతికి పట్టీ చుట్టేసింది.

"మాట్లాడకండి. మాట్లాడితే తప్పు చూపిస్తుంది."

అత్తయ్య ఇంత దూరం మోసుకొచ్చిన నాలుగు మాటలూ నోట్లోనే ఉండిపోయాయి. మిషను కీచుమంది. అమ్మ అంకె చూసి మొహం చిట్లించింది. "బిళ్లలు వాడుతున్నారా?" "అప్పుడప్పుడూ" అంది అత్తయ్య, బళ్లో పాఠం రాని పిల్లలా. ఆ తర్వాత తిట్లు తిన్నది అత్తయ్య. ఆవకాయ తగ్గించమని, బిళ్ల మానొద్దని, ఆ గుళ్ల తిరుగుడు ఎండల్లో వద్దని. అత్తయ్య ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. పెంపకం, పరువు, మా నాన్న మౌనం, ఆ అలిగిన రోజు, ఏవీ ఆ గదిలో ప్రస్తావనకు రాలేదు. నేను ఎదురుచూశాను. రాలేదు.

సంచిలోంచి పండు తీసి అమ్మ వాసన చూసింది. "పడమటి గట్టు చెట్టుదే కదా వదినా ఇది?" అంది. కళ్లు చెమర్చాయి.

"కాదు. ఆ చెట్టు ఎప్పుడో గాలివానకి పడిపోయింది. ఇది పక్కవాళ్ల తోటలోది" అంది అత్తయ్య. ఆ రోజంతటిలో ఆవిడ మొహం వెలిగింది అప్పుడొక్కసారే.

వాళ్లిద్దరికీ ఇప్పుడు రోజూ ఫోన్లు నడుస్తాయి. బిళ్ల వేసుకుందో లేదో అమ్మ అడుగుతుంది, వేసుకోకపోయినా వేసుకున్నానని అత్తయ్య చెబుతుంది. ఊళ్లో ఎవరైనా అడిగితే, "మా మరదలు మైలవరంలో డ్రైవింగ్ స్కూలు పెట్టింది" అంటుంది. అదేదో తనే పెట్టించినట్టు. కాంపౌండరూ కండక్టరూ సేటూ ఎటు పోయారో ఎవరికీ గుర్తులేదు.

అక్క మాత్రం ఇంకో అడుగు వేయబోయింది. ఉద్యోగం ఎక్కణ్ణుంచైనా చేసుకోవచ్చు కాబట్టి మైలవరం వచ్చి నీతోనే ఉంటానని అమ్మతో చెప్పింది. పోగొట్టుకున్న సంవత్సరాలన్నీ తిరిగి తెచ్చుకుందామన్న మాట కూడా వాడింది. అమ్మ గది చుట్టూ ఒకసారి చూసింది.

"ఈ ఇంట్లో ఒక్కరే పడతారమ్మా. నాకు ఇంకొకరితో ఉండటం అలవాటు పోయింది. నువ్వు ఉంటే నిన్ను విసుక్కుంటాను, తర్వాత బాధపడతాను. వెనక వీధిలో పోర్షను ఖాళీగా ఉంది, చూడమంటావా?"

అక్క ఆ రోజు ఏడ్చింది. వారం పాటు ఫోన్ ఎత్తలేదు. ఆ తర్వాత వెళ్లి పోర్షను చూసింది. కిటికీలు చిన్నవని తిరిగొచ్చింది. కిటికీలు నేనూ చూశాను, మరీ అంత చిన్నవేం కాదు. ఇప్పటికీ మేడ మీది గదిలోనే ఉంటోంది. కానీ బండి మాత్రం నేర్చుకుంది, మా అమ్మ దగ్గరే. కేకలు తినడంలో మిగతా బ్యాచ్‌కీ తనకీ ఏ తేడా చూపించలేదని కొంచెం కినుక.

పోయిన ఆదివారం చెప్పకుండా వెళ్లాం, ఆశ్చర్యపరుద్దామని. తలుపుకు తాళం. పక్కింటావిడ, "మేడం నేర్చుకున్నవాళ్లందర్నీ తీసుకుని సూర్యలంక బీచ్‌కి వెళ్లారండీ. సాయంత్రానికి వస్తారేమో. మీకు చెప్పలేదా?" అంది. చెప్పలేదు. మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశాం. ఎత్తలేదు. మళ్లీ చేశాం. అవతల గాలి, అలలు, ఆడవాళ్ల అరుపులు, వాటి మధ్య అమ్మ గొంతు: "ఇప్పుడు కాదమ్మా, నీళ్లలో ఉన్నా!" కట్టయిపోయింది.

"చూశావా? ఒక్క మాట చెప్పి వెళ్లొచ్చుగా!" అంది అక్క.

"ఎప్పుడూ ఇంతే" అన్నాను నేను.

ఇద్దరం మెట్ల మీద కూర్చుని, తెచ్చిన పులిహోర విప్పుకుని, మా అమ్మను తిట్టుకుంటూ తిన్నాం. బళ్లో నా పక్కన కూర్చునే టీచర్లు విరామంలో వాళ్ల అమ్మల గురించి విసుక్కుంటుంటే ఎన్నో ఏళ్లు ఊరికే విన్నాను. నాకూ చెప్పడానికి ఒకటి దొరికింది. సోమవారం ఎప్పుడొస్తుందా అనిపించింది.